ఏరు లేని ఊరి నుంచి గోదావరి మాట



ఖతార్ దేశపు రాజధాని దోహాలో నేను నివసించే పేటను అల్ సద్ అంటారు. అరబ్బీ భాషలో "సద్" అంటే ఆనకట్ట. ఈ దేశంలో మాత్రం ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటి కూడా లేదు. ఏటా కురిసే వాన సగటున 80 మిల్లీమీటర్ల లోపే. ఏరు లేని దేశంలో ఆనకట్ట పేరు పెట్టుకున్న పేట! చెరకు తోటల మధ్య పుట్టి, బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చిన నాకు మొదట్లో ఇది నవ్వు తెప్పించేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కారణం మా మేడలోనే కాపురముంటున్న ఒక కోనసీమ తమ్ముడు.

ఆయన ఇక్కడ కారు డ్రైవరు. సెలవు నాటి సాయంకాలం టీ తాగుతూ ఊరి సంగతులు చెబుతాడు. ఒకనాడు ఇలా అన్నాడు: "మా నూతి నీళ్ళు ఉప్పనైపోయాయండి అన్నగారూ. ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ ముందు చెప్పేది అదేనండి."

"గోదావరి పక్కన పెట్టుకుని నీళ్ళకు ఇబ్బందేమిటి తమ్ముడూ?" అన్నాను.

"ఆయ్, పక్కనే ఉందండి. ఏరు బాగా పారినంత కాలం బాగానే ఉంటుందండి. వేసవిలో ఏరు నీరసిస్తే సముద్రం లోపలికి వచ్చేస్తుందండి. బయటివాళ్ళు పేపర్లో మా వరదలే చూస్తారు. మేం వేసవి కూడా చూస్తామండి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మన ఇళ్ళలో పూజ వేళ చెంబులో నీళ్ళు పోసి, అందులోకి గోదావరిని పిలుస్తాం. ఏ ద్వీపంలో ఉన్నా, ఏ ఖండంలో ఉన్నా, చెంబులోని నీరు ఆ క్షణాన గోదావరి అవుతుంది. అటువంటి గోదావరి నీటిమట్టం ఎందుకు పడిపోతున్నది? నిండుగా వరదలు వచ్చే నదికి ఎద్దడి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నలకు తెలిసినంతవరకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పూర్వులు విడిచిన గోదావరి

మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని ఒకప్పుడు "కోరంగివారు" అనేవారని మన పెద్దలందరికీ తెలుసు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, కాకినాడకు దక్షిణంగా ఉన్న రేవు కోరంగి. తోటల పనికి వెళ్ళిన తెలుగువారిలో తొలినాటివారు అనేకులు ఆ రేవులో ఓడ ఎక్కారు. తరువాతి కాలంలో నేటాలుకు, ఫిజీకి వెళ్ళినవారు మద్రాసు రేవు నుంచి వెళ్ళారు. ఏ రేవు నుంచి వెళ్ళినా, మన కుటుంబాలలో చాలా వాటికి మూలం శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలే.

ఆనాటి గోదావరి జిల్లా ఎలా ఉండేది? అప్పుడు దానిని రాజమండ్రి జిల్లా అనేవారు. 1821లో ఆ జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు తగ్గారన్నమాట. 1832-33లో కరువు వచ్చింది. 1839 నవంబరు 25న తుపాను, ఉప్పెన వచ్చి కోరంగి రేవును నాశనం చేశాయి. చచ్చినవారు చావగా, బ్రతికినవారిలో అనేకులు పొట్ట చేత పట్టుకుని పోయారు. మారిషస్‌కు ఒప్పందపు కూలీల ఓడలు మొదలైనది 1834లో. ఈ సంవత్సరాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మన కథ ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ కరువు రోజులలో కూడా గోదావరిలో నీరు లేకపోలేదు. వర్షాకాలంలో నది నిండుగానే పారేది. అయితే ఆ నీరు పొలం గట్టు ఎక్కేది కాదు. పారి పారి సముద్రంలో కలిసేది. కావలసిన రోజున కాలువలో నీరు ఉండేది కాదు. ఈ సంగతి గ్రహించినవాడు ఆర్థర్ కాటన్ దొర. ధవళేశ్వరం దగ్గర 1847లో పని ప్రారంభించి 1852లో ఆనకట్ట పూర్తిచేశారు. డెల్టాకు కాలువలు వచ్చాయి. 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. జిల్లా సరిహద్దులు మధ్యలో కొంత మారిన మాట నిజమే. అయినా వచ్చిన మార్పు ఎంత పెద్దదో ఈ అంకెలే చెబుతాయి. పాత ఆనకట్టకు బదులు కొత్త బ్యారేజీని 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు. దానికి కాటన్ పేరే పెట్టారు.

మన పూర్వులలో అనేకులు ఆ ఆనకట్ట రాకముందే వెళ్ళిపోయారు. కాబట్టి మన ఇళ్ళలో తరతరాలుగా వచ్చిన గోదావరి జ్ఞాపకం పొంగే గోదావరి జ్ఞాపకమే. వేసవి గోదావరిని మనం కొత్తగా నేర్చుకోవాలి.

నీటిని కొలవడం

ముందుగా రెండు కొలతలు తెలుసుకుందాం. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే దానిని ఒక క్యూసెక్కు అంటారు. అది సుమారు 28 లీటర్లు. నూరు కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టి.ఎం.సి. అంటారు. సుమారు 11,500 క్యూసెక్కులు ఒక పగలు, ఒక రాత్రి ఎడతెగకుండా పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది.

గోదావరి నుంచి ఏటా సగటున 3,000 టి.ఎం.సి.లు సముద్రం పాలవుతున్నాయని తరచు వింటూ ఉంటాం. ఈ అంకె విన్నవారికి గోదావరికి ఎద్దడి అన్న మాటే వింతగా తోస్తుంది. అయితే ఈ సగటు వెనుక ఒక చిక్కు ఉంది. గోదావరి తెచ్చే నీటిలో ఐదింట నాలుగు వంతులకు పైగా జూన్ నుంచి అక్టోబరు లోపల, వానల రోజులలోనే వచ్చేస్తుంది. మిగిలిన ఏడు నెలలకు మిగిలేది ఏపాటి?

ఒక ఉదాహరణ చెబుతాను. 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారాయి. ఆ వేగంతో ఒక్క రోజు పారితే 300 టి.ఎం.సి.లు అవుతాయి. గోదావరి డెల్టాలో దాళ్వా పంటకు, అంటే రెండవ పంటకు, మొత్తం కావలసినది సుమారు 90 టి.ఎం.సి.లు. ఒక్క వరద రోజున మూడు దాళ్వాలకు సరిపడే నీరు కళ్ళముందే పోయిందన్నమాట! కాని ఆ వరద నీటితో దాళ్వా పండదు. దాళ్వాకు కావలసినది సుమారు నాలుగు నెలలపాటు రోజుకు ముప్పాతిక టి.ఎం.సి. చొప్పున, అంటే దాదాపు 8,700 క్యూసెక్కుల చొప్పున, విడవకుండా వచ్చే నీరు.

మరి ఆ నీటిని ధవళేశ్వరం దగ్గరే నిలువ చేసుకోలేమా? కాటన్ బ్యారేజీ నీటిని కాలువలకు మళ్ళించే కట్ట. అది పెద్ద జలాశయం కాదు. దాని వెనుక నిలిచే నీరు మూడు టి.ఎం.సి.ల లోపే. పైనుంచి వచ్చే నీరు పూర్తిగా ఆగిపోతే, దాళ్వా లెక్కన ఆ నిలువ నాలుగు రోజులకు వస్తుంది. అంతే! పది లక్షల ఎకరాల ఆయకట్టుకు నాలుగు రోజుల నిలువ. అందుచేత ఈ నది విషయంలో ఏడాదికి ఎంత వచ్చిందన్న ప్రశ్న చాలదు. ఈ రోజు ఎంత వస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

పైన ఏం జరుగుతున్నది

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ జిల్లా త్ర్యంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశ విస్తీర్ణంలో సుమారు పదింట ఒక వంతు. అయితే నది పుట్టిన తొలి సగం సహ్యాద్రికి తూర్పున వానలు తక్కువగా పడే నేల. నదికి అసలు బలం తరువాత వచ్చి కలిసే ఉపనదులది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసిన తరువాతనే అది మనం పాటలలో పాడుకునే గోదావరి అవుతుంది.

పై సగంలో నీటి కోసం పోటీ ఎక్కువ. పైఠాన్ దగ్గర 1976లో పూర్తయిన జాయక్‌వాడి జలాశయం సుమారు 100 టి.ఎం.సి.లు పట్టేది. దానికి పైన నాసిక్, అహిల్యానగర్ (మునుపటి అహ్మద్‌నగర్) జిల్లాలలో ఇంకా అనేక ఆనకట్టలు ఉన్నాయి. కరువు సంవత్సరాలలో పైవారు నీరు వదలాలా, వద్దా అన్నది మహారాష్ట్రలోనే పెద్ద తగాదా. 2016 ఏప్రిల్‌లో, గోదావరి ఉపనది అయిన మంజీర పరీవాహకంలో ఉన్న లాతూరు పట్టణానికి రైలు బండిలో తాగునీరు తీసుకుపోవలసి వచ్చింది. నదీ పరీవాహకంలో ఉన్న ఊరికి నీరు రైలులో రావడమంటే అంతకన్నా హెచ్చరిక ఏం కావాలి?

తరువాత తెలంగాణలో నిజామాబాదు దిక్కున పోచంపాడు దగ్గర శ్రీరామసాగరం ఉంది. దీనికి 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట దాని సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. ఒండ్రు చేరి చేరి ఇప్పుడు సుమారు 80 టి.ఎం.సి.లకు తగ్గిపోయింది. కట్ట ఎత్తు తగ్గలేదు, కాని కడుపు పూడిపోయింది. అదే జలాశయపు ముంపు ప్రాంతంలో మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టింది. దానిపై నడిచిన వివాదంలో సుప్రీం కోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలి. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీరు కిందికి వదలాలి. ఎంత చిన్న అంకె కోసం ఎంత పెద్ద కోర్టు దాకా వెళ్ళారో చూడండి. వేసవి నీటి విలువ అటువంటిది.

ప్రాణహిత కలిసిన తరువాత మేడిగడ్డ దగ్గర తెలంగాణ ప్రభుత్వం కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా బ్యారేజీ కట్టి 2019 జూన్ 21న ప్రారంభించింది. 2023 అక్టోబరు 21న దాని స్తంభాలు కొన్ని కుంగిపోయాయి. నిలువ చేసిన నీటిని వదిలేయవలసి వచ్చింది. నీటిని పట్టి ఉంచడం ఎంత అవసరమో, పట్టే కట్టడం నిలబడడం అంత అవసరం.

కంటికి కనబడని కారణం మరొకటి ఉంది. వానలు ఆగిన తరువాత కూడా ఏరు పారుతూ ఉంటుంది కదా, ఆ నీరు ఎక్కడిది? వానాకాలంలో భూమి తాగిన నీరు మెల్లమెల్లగా ఊటగా వాగులలోకి, వాగుల నుంచి ఏటిలోకి వస్తుంది. వేసవి ఏటికి ఆధారం ఈ ఊటే. పరీవాహకమంతటా బోరు బావులు లోతుగా తవ్వి నీరు తోడేస్తే, భూమిలోని నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి దిగిపోతుంది. అప్పుడు భూమి వాగుకు నీరు ఇవ్వడం మానేసి, వాగు నీరే భూమిలోకి ఇంకిపోతుంది. బోరు వేసిన రైతును తప్పు పట్టలేం. ఆయనకూ పంట ఉంది, పిల్లలు ఉన్నారు. కాని వేలాది బోర్ల లెక్క చివరకు ఏటిలో తేలుతుంది. ఇసుక తవ్వకాలతో ఏటి అడుగు కిందికి దిగిపోవడం దీనికి తోడు. ఏటి అడుగు దిగితే గట్టున ఉన్న నూతుల నీరు కూడా దానితోపాటు దిగుతుంది.

వేసవిలో డెల్టాను ఆదుకునేది ఎవరు?

ఇది చాలామందికి తెలియని సంగతి. గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోయిన తరువాత, దాళ్వా పంటను గట్టెక్కించేది ముఖ్యంగా సీలేరు నీరు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండలలో పారే సీలేరు మీద జల విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. పైన మాచ్‌ఖండ్, బలిమెల జలాశయాలు, కింద డొంకరాయి, పొల్లూరు కేంద్రాలు. అక్కడ టర్బైన్లు తిరిగితే ఆ నీరు శబరిలోకి, శబరి నుంచి గోదావరిలోకి వచ్చి, కొన్ని రోజులకు ధవళేశ్వరం చేరుతుంది.

అంటే ఏమిటి? అమలాపురం శివారు రైతు పొలంలో నీరు ఉండడమా, లేకపోవడమా అన్నది, కొంతవరకు, ఎక్కడో అడవి కొండలలో ఆ పూట కరెంటు తయారు చేశారా, లేదా అన్నదానిపై ఆధారపడి ఉంది. కరెంటు అవసరం వేరు, పంట అవసరం వేరు. రెండూ ఒక రోజున కుదురుతాయి, మరొక రోజున కుదరవు. అందుకే నీటి ఎద్దడి వచ్చిన సంవత్సరాలలో సీలేరు నుంచి అదనంగా నీరు వదలమని అడుగుతారు. కాలువలకు వంతులవారీగా నీరిస్తారు. వంతులు వచ్చినప్పుడు తల దగ్గర ఉన్న పొలాలకు నీరు ముందు అందుతుంది, శివారు భూములకు చివర అందుతుంది, ఒక్కొక్కసారి అందదు. మా కోనసీమ తమ్ముడి ఊరు శివారులోనే ఉంది.

ఉప్పు, ఒండ్రు

సముద్రంలో కలిసే నీరంతా వృథా అనే మాట మనం మానుకోవాలి. నది సముద్రంలోకి నీరు పంపుతున్నంత కాలం ఉప్పునీటి పోటును వెనక్కు నెడుతూ ఉంటుంది. నది బలం తగ్గిన నాడు పోటు నీరు పాయలలోకి ఎగబాకుతుంది. భూమిలో తియ్యని నీటి పొర పలచబడి, కింద ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. నూతులు ఉప్పనవుతాయి. పొలం చౌడు బారుతుంది. లంక గ్రామాలలో, తీర గ్రామాలలో జరుగుతున్నది ఇదే. వరి లాభం లేక చేపల, రొయ్యల చెరువులు తవ్వినచోట ఆ చెరువుల ఉప్పు కూడా పక్క పొలాలకు చేటు చేస్తున్నది.

నది తెచ్చేది నీరొక్కటే కాదు, ఒండ్రు కూడా తెస్తుంది. డెల్టా అన్న భూమి మొత్తం ఒండ్రుతో పుట్టినదే. కోరంగి రేవు పూడిపోయినది కూడా ఒండ్రు వల్లనే. కాకినాడ తీరాన కనబడే హోప్ దీవి అనే ఇసుక తిన్నె గత రెండు వందల ఏళ్ళ లోపల గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడినదే. మన తాతల నాడు ఒండ్రు ఎక్కువై రేవు మూతపడింది. ఈనాడు కథ తిరగబడింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డెల్టాకు చేరే ఒండ్రు 1971-79 మధ్య ఏటా సగటున 15 కోట్ల టన్నులు ఉండగా, 1990-98 మధ్య 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. మిగిలినది పై ఆనకట్టల వెనుక పేరుకుపోతున్నది. శ్రీరామసాగరం కడుపు పూడడం, డెల్టా అంచు కోసుకుపోవడం, ఈ రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరాన ఇళ్ళు సముద్రం పాలయ్యాయి. అక్కడ కారణాలు ఒకటికి మించి ఉన్నా, తీరానికి ఇసుక అందకపోవడం వాటిలో ఒకటి.

కోరంగి చుట్టూ ఇప్పుడు మడ అడవులున్నాయి. 1978లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఉప్పు, తీపి కలిసిన నీటిలో పెరిగే చెట్లవి. తుపాను గాలికి, అలలకు అడ్డు నిలుస్తాయి. తీపి నీరు బాగా తగ్గితే వాటికీ కష్టమే. 1839 ఉప్పెన గురించి ఇళ్ళలో కథలు విన్న మనకు ఆ చెట్ల విలువ వేరే చెప్పనక్కర లేదు.

పట్టిసీమ, పోలవరం

జస్టిస్ బచావత్ అధ్యక్షతన ఏర్పడిన గోదావరి జలవివాదాల ట్రైబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చింది. పోలవరం నుంచి 80 టి.ఎం.సి.లు కృష్ణకు మళ్ళించుకోవచ్చునన్న ఒప్పందం అందులో చేరి ఉంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు తొలిసారిగా కృష్ణా డెల్టా వైపు వెళ్ళింది. వరద రోజులలో మిగులు నీరు ఇలా తోడుకోవడం వల్ల గోదావరికి పెద్ద నష్టం లేదు, కృష్ణా డెల్టాకు మేలు జరిగింది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వరద నీటి మీద పెట్టుకున్న కొత్త ఆయకట్టు, కొత్త పట్టణాలు, కొత్త కర్మాగారాలు వేసవిలో కూడా నీరు అడుగుతాయి. వరదను చూసి మాట ఇస్తే వేసవిలో అప్పు తీర్చాలి.

పోలవరం పూర్తయితే 150 అడుగుల మట్టం దగ్గర 194 టి.ఎం.సి.లు నిలుస్తాయి. అందులో వాడుకోదగినది సుమారు 75 టి.ఎం.సి.లు. డెల్టాకు నాలుగు రోజుల నిలువ బదులు నెలల నిలువ దొరుకుతుంది, ఆ నీటికి మరెందరో వాటాదారులున్నా సరే. 2025 నాటికి అది ఇంకా పూర్తి కాలేదు. దాని మూల్యం కూడా మనం మరువరాదు. ముంపు వల్ల లక్షకు పైగా కుటుంబాలు, అందులో అధిక సంఖ్యలో కోయ, కొండరెడ్డి మొదలైన గిరిజనులు, ఊళ్ళు విడవవలసి ఉంది. ఇతరుల పంట కోసం, ఇతరుల లెక్క కోసం సొంత ఊరు విడవడమంటే ఏమిటో మనకంటె ఎవరికి తెలుసు? డెల్టాకు నీరు కావాలి. ఊరు విడిచినవారికి భూమి, ఇల్లు, జీవనాధారం ముందుగా దక్కాలి. ఒకదాని పేరు చెప్పి రెండవదానిని దాటవేయరాదు.

వరదలు కూడా తగ్గిపోలేదు. భద్రాచలం దగ్గర 1986లో నీటిమట్టం 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు. భూమి వేడెక్కుతున్న ఈ రోజులలో కొద్ది రోజుల్లోనే కుండపోతగా వాన కురవడం, తరువాత చాలా రోజులు చుక్క లేకపోవడం ఎక్కువవుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కాబట్టి అదే నదిలో, అదే ఏడాదిలో, వరద పోటూ చూడవచ్చు, వేసవి ఎద్దడీ చూడవచ్చు. ఒకటి రెండవదానికి విరుగుడు కాదు.

అల్ సద్ నేర్పే లెక్క

మళ్ళీ ఏరు లేని ఈ ఊరికి వద్దాం. ఇక్కడ కుళాయిలో వచ్చే నీరు దాదాపు అంతా సముద్రపు నీటిలోని ఉప్పు తీసి తయారు చేసినదే. పొలాలకు వాడే భూగర్భ జలం, వాన వల్ల ఇంకేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తోడుతూ వచ్చారు, దాని మట్టం పడిపోయింది. అందుచేత ఈ దేశంవారు తాగునీటిని రోజుల లెక్కన కొలుస్తారు. ఉప్పు తీసే కర్మాగారాలు ఆగిపోతే ఎన్ని రోజులు గడుస్తాయి? ఈ ఒక్క ప్రశ్న మీద 2018లో పెద్ద పెద్ద జలాశయాలు కట్టి ప్రారంభించారు. వాటి లక్ష్యం దేశానికి ఏడు రోజుల తాగునీరు.

తాగునీరు వేరు, సాగునీరు వేరు, రెంటినీ ఒకే తక్కెడలో తూచలేము. అయినా ఆలోచించండి. చుక్క ఏరు లేని ఎడారి ఏడు రోజుల లెక్క పెట్టుకుంది. ఏటా మూడు వేల టి.ఎం.సి.లు పారే నది ఒడ్డున ధవళేశ్వరం దగ్గర నాలుగు రోజుల నిలువ. ధనం గల ఎడారి దేశంతో పోల్చి మన రైతును చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నీరు తక్కువ ఉన్నవాడు రోజులు లెక్క పెడతాడు. నీరు ఎక్కువ ఉన్నదనుకున్నవాడు ఏడాదులు లెక్క పెడతాడు. గోదావరికి వచ్చిన ప్రమాదం సగం ఈ రెండవ లెక్కలోనే ఉంది.

అయితే ఏం చేయాలి? పెద్ద కట్టడాలు ప్రభుత్వాల పని. ప్రజలకు చేతనైన పనులు కూడా ఉన్నాయి. చెరువులు పూడిక తీయడం, వాగులకు చిన్న అడ్డుకట్టలు వేసి భూమికి నీరు తాగించడం, దాళ్వాలో అంతా వరే వేయకుండా అపరాలు వేయడం, కాలువ లాకులు బాగు చేయించుకోవడం, మడ అడవులను నరకనివ్వకపోవడం. ఇవన్నీ వేసవి నీటిని ఒక్కొక్క రోజు పొడిగించే పనులు. పైరాష్ట్రాలు, కిందిరాష్ట్రాలు ఏడాది వాటాలతోపాటు వేసవి నెలలలో రోజువారీ ఎంత నీరు నదిలో వదలాలన్నది కూడా ఒప్పుకుని రాసుకోవాలి. బాబ్లీ తీర్పులో ఉన్న ఆ 0.6 టి.ఎం.సి. అటువంటి ఆలోచనకు ఒక చిన్న విత్తనం.

మన సంగతి కూడా ఒక మాట. మనలో అనేకులు ఇప్పుడు పూర్వుల ఊళ్ళు వెతుక్కుంటూ ఆంధ్రదేశం వెళుతున్నారు. సాధారణంగా చలికాలంలో, పంట పచ్చగా ఉన్నప్పుడు వెళ్ళి, రాజమండ్రిలో గోదావరి స్నానం చేసి, ఫోటోలు తీసుకుని వస్తారు. వీలైతే ఒక్కసారి మే నెలలో వెళ్ళండి. ఎండకు ఓర్చుకుని కాలువ శివారు దాకా వెళ్ళండి. కోరంగి మడ అడవుల మధ్య పడవలో తిరగండి. ఏదైనా తీర గ్రామంలో నూతి నీరు ఒక గుక్కెడు తాగి చూడండి. మన తాతముత్తాతలు ఆ తీరం ఎందుకు విడిచి వెళ్ళారో ఆ గుక్కెడు నీరు పుస్తకం కంటె బాగా చెబుతుంది. ఇప్పటివారు ఎందుకు విడిచి వస్తున్నారో కూడా చెబుతుంది.

మా కోనసీమ తమ్ముడిని నిన్న అడిగాను, "ఇంటి దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయి తమ్ముడూ?" అని.

"వానలు పడ్డాయండి. నూతి నీళ్ళు కాస్త తీపెక్కాయంటండి," అన్నాడు. కాసేపు ఆగి, "వేసవి దాకా పరవాలేదండి," అన్నాడు.

మన పూర్వులు ఓడ ఎక్కింది తిరిగి వద్దామనుకునే. ఆయన విమానం ఎక్కిందీ తిరిగి వెళదామనుకునే. ఆయన తిరిగి వెళ్ళేనాటికి ఆ నూతిలో నీరు తియ్యగా ఉండాలంటే, గోదావరి పొంగితే చాలదు. వేసవిలో కూడా ప్రతి రోజూ పారాలి.